అంతర్జాలంలో ఔషధాలు.. ఆచితూచి కొంటేనే మేలు

కురుపాం: రక్తపోటు మాత్రలు అయిపోయాయంటే ఒకప్పుడు మండల కేంద్రానికో, పార్వతీపురానికో బస్సెక్కాల్సి వచ్చేది. అక్కడా దొరకని మందు కోసం విజయనగరం, విశాఖపట్నం దాకా వెళ్లినవారు కురుపాం, గుమ్మలక్ష్మీపురం, కొమరాడ మండలాల్లో ఎందరో ఉన్నారు. ఒక రోజు కూలి, రానుపోను చార్జీలు కలిపితే మందు ఖరీదును మించిపోయేది. సెల్‌ఫోన్ చేతికొచ్చాక ఈ పరిస్థితి మారింది. పట్నంలో చదువుకుంటున్న కొడుకో, ఉద్యోగం చేస్తున్న కూతురో అంతర్జాలంలో మందు కోరితే నాలుగైదు రోజుల్లో పొట్లం ఇంటికి చేరుతోంది. పైగా ధరలో తగ్గింపు కూడా లభిస్తోంది. సౌకర్యం కాదనలేనిదే. అయితే పొట్లంలో ఉన్నది మందేనా, మందు రూపంలో ఉన్న సుద్దపొడా అన్నది తేల్చుకోవడం కొండపల్లెలో ఉన్న రోగికి అంత సులభం కాదు.

అంతర్జాలంలో మందులు అమ్మేవారంతా మోసగాళ్లని చెప్పడం న్యాయం కాదు. లైసెన్సు కలిగి, ఫార్మసిస్టును నియమించుకొని, వైద్యుడి చీటీ చూశాకే మందు పంపే సంస్థలు ఉన్నాయి. అలాగే వీధి చివరి దుకాణంలో కొన్న మందు తప్పనిసరిగా అసలుదేనన్న హామీ కూడా లేదు. తేడా ఒక్కటే. దుకాణదారు ముఖం మనకు తెలుసు, అనుమానం వస్తే వెళ్లి నిలదీయవచ్చు. చిరునామా లేని వెబ్‌సైటును నిలదీసేదెవరు? భౌతిక చిరునామాను దాచిపెట్టే అక్రమ వెబ్‌సైట్ల నుంచి కొన్న మందుల్లో సగానికి పైగా నకిలీవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో పేర్కొంది. వర్ధమాన దేశాల్లో ప్రతి పది ఔషధాల్లో ఒకటి నాసిరకమో, నకిలీదో అయి ఉంటుందని అదే సంస్థ 2017లో అంచనా వేసింది.

మన దేశంలో ప్రభుత్వం 2014-16 మధ్య చేయించిన జాతీయ ఔషధ సర్వేలో మాత్రం నకిలీ మందుల వాటా 0.0245 శాతంగా, నాసిరకం మందుల వాటా 3.16 శాతంగా తేలింది. లైసెన్సు ఉన్న దుకాణాలు, ప్రభుత్వ మందుల గిడ్డంగుల వంటి చోట్ల సేకరించిన నమూనాల లెక్క ఇది. ఎవరి అజమాయిషీ లేని వాట్సప్ అమ్మకాలకు దీన్ని వర్తింపజేసి ధీమాగా ఉండలేం.

నకిలీ వేరు.. నాసి వేరు

వాడుకలో ఈ మాటలన్నీ ఒకే అర్థంలో వినిపిస్తున్నా, 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం వీటిని వేర్వేరుగా నిర్వచించింది. ఒక మందును మరో మందు పేరుతో అమ్మినా, ఒక కంపెనీ సరకుపై మరో కంపెనీ పేరు వేసినా, అసలు లేని కంపెనీ పేరు ముద్రించినా అది నకిలీ. విష పదార్థమో, హానికర పదార్థమో కలిస్తే కల్తీ. లేబుల్‌పై తప్పుడు సమాచారం ఉంటే తప్పుడు ముద్ర. ఇవి గాక, నిజమైన కంపెనీయే తయారు చేసినా ప్రమాణాలకు తగినట్టు లేకపోతే అది నాసిరకం.

మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో 2025లో చిన్నారుల ప్రాణాలు తీసిన కోల్డ్‌రిఫ్ దగ్గు సిరప్పు రెండో కోవలోకి వస్తుంది. తమిళనాడులో లైసెన్సుతో తయారైన ఆ సిరప్పులో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ ఉన్నట్లు పరీక్షల్లో వెల్లడైంది. బిల్లు, బ్యాచ్ నంబరు, దుకాణం అన్నీ సక్రమంగా ఉన్నా ప్రమాదం తప్పలేదు. కొనుగోలుదారు జాగ్రత్తతో నకిలీని చాలావరకు అడ్డుకోవచ్చు గానీ కల్తీని, నాసిరకాన్ని పట్టుకోవాల్సింది ప్రభుత్వ యంత్రాంగమే. ఈ బాధ్యతను రోగిపై నెట్టడం తగదు.

మలేరియాకు పెట్టింది పేరైన మన్యానికి సంబంధించినంత వరకు ఆగ్నేయాసియా అనుభవం గుర్తుంచుకోదగినది. అక్కడి దుకాణాల్లో కొన్న 104 ఆర్టిసునేట్ నమూనాలను పరీక్షిస్తే 38 శాతంలో ఆ మందు ఛాయలే లేవని 2001లో పరిశోధకులు వెల్లడించారు. మలేరియా జ్వరంలో రెండు మూడు రోజుల ఆలస్యం ప్రాణాల మీదకు తెస్తుంది. పూర్తిగా మందు లేని మాత్ర ఒక ప్రమాదమైతే, అరకొరగా మందున్న మాత్ర మరో రకం ప్రమాదం. రోగకారక క్రిమి చావకపోగా ఆ మందును తట్టుకునే శక్తిని సంతరించుకుంటుంది. యాంటీబయాటిక్స్ విషయంలోనూ ఇదే జరుగుతుంది. అప్పుడు నష్టం ఆ రోగితో ఆగదు.

సుద్దపొడి మాత్రలు

తెలుగునాట ఇటీవల వెలుగు చూసిన ఉదంతాల్లో తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం 2024 మార్చిలో బయటపెట్టిన వ్యవహారం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. హిమాచల్‌ప్రదేశ్‌లోని సిర్మౌర్ జిల్లా చిరునామాతో 'మెగ్ లైఫ్‌సైన్సెస్' అనే పేరు ముద్రించిన యాంటీబయాటిక్ మాత్రలు మార్కెట్లోకి వచ్చాయి. ఆరా తీస్తే ఆ పేరుతో కంపెనీయే లేదు. ప్రయోగశాలలో పరీక్షిస్తే మాత్రల్లో మందు లేదు, ఉన్నది సుద్దపొడి. రూ.33 లక్షలకు పైగా విలువైన సరకును అధికారులు స్వాధీనం చేసుకున్నారు. ఆ మాత్రలు మింగినవారిలో న్యుమోనియాతో బాధపడుతున్నవారు ఎందరో, శస్త్రచికిత్స చేయించుకున్నవారు ఎందరో ఊహించుకోవాల్సిందే.

అంతకు ముందు, 2023 చివర్లో, పేరున్న కంపెనీల కొలెస్టరాల్, అలర్జీ మందులకు నకిలీలు ఉత్తరాఖండ్ నుంచి కొరియర్‌లో హైదరాబాద్‌కు చేరుతున్నట్లు అదే విభాగం గుర్తించింది. ఇక్కడ గమనించాల్సింది కొరియర్ అన్న మాట. లారీల్లో దిగే సరకుకు తనిఖీ ఉంటుంది, గిడ్డంగి ఉంటుంది, లెక్కల పుస్తకం ఉంటుంది. చిన్న పొట్లాలుగా వచ్చే సరకును ఎవరు చూస్తారు? అంతర్జాలంలో మనం కోరే మందూ ఆ దారినే వస్తుంది.

ఖరీదైన మందులకు నకిలీల బెడద మరీ ఎక్కువ. క్యాన్సర్ ఇంజక్షన్ల ఖాళీ సీసాలను సేకరించి, వాటిలో ఫ్లూకోనజోల్ అనే శిలీంద్ర నాశక మందు నింపి అమ్ముతున్న ముఠాను ఢిల్లీ పోలీసులు 2024 మార్చిలో అరెస్టు చేశారు. కొవిడ్ రెండో దశలో, 2021లో, గుజరాత్‌లోని మోర్బీలో గ్లూకోజు, ఉప్పు కలిపి రెమ్‌డెసివిర్ పేరుతో అమ్మినవారు దొరికిపోయారు. కొరత ఎక్కడుంటే నకిలీ అక్కడికి వస్తుంది. ఊళ్లో దొరకని మందును అంతర్జాలంలో ఆత్రంగా వెదికే కుటుంబమే మోసగాడికి అనువైన లక్ష్యం.

చట్టం నడిమధ్య

అంతర్జాలంలో మందుల అమ్మకానికి మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. ఈ-ఫార్మసీల నమోదుకు కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2018 ఆగస్టు 28న ముసాయిదా నిబంధనలు ప్రకటించినా అవి తుదిరూపు దాల్చలేదు. లైసెన్సు లేని అంతర్జాల అమ్మకాలను నిలిపివేయాలని ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది డిసెంబరు 12న ఆదేశించింది. 2023 ఫిబ్రవరిలో భారత ఔషధ నియంత్రణాధికారి సుమారు 20 సంస్థలకు సంజాయిషీ నోటీసులు జారీ చేశారు. ఐరోపా సమాఖ్యలో 2015 నుంచి అనుమతి పొందిన అంతర్జాల మందుల దుకాణాలన్నింటికీ ఒకే గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ దేశపు అధికారిక జాబితాలోకి వెళ్లి సరిచూసుకోవచ్చు. మనకు అలాంటి గుర్తు లేదు. ఏళ్ల తరబడి ముసాయిదా దశ దాటకపోవడం మూలంగా ఇబ్బంది పడుతున్నది వినియోగదారుడే.

అయితే ఒక విషయంలో సందేహం అక్కర్లేదు. అమ్మకం ఏ మార్గంలో జరిగినా మందును పంపేది లైసెన్సు కలిగిన మందుల దుకాణమే అయి ఉండాలి. షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ జాబితాల్లోని మందులను వైద్యుడి చీటీ లేకుండా ఇవ్వకూడదు. కొన్ని యాంటీబయాటిక్స్, క్షయ మందులు, నిద్ర మాత్రలతో కూడిన హెచ్1 జాబితా 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. వీటిని ఎవరికి, ఏ వైద్యుడి చీటీపై అమ్మారో దుకాణదారు ప్రత్యేక పుస్తకంలో రాసి మూడేళ్లు భద్రపరచాలి. కాబట్టి చీటీ అడగకుండా యాంటీబయాటిక్ పంపే వెబ్‌సైటు చట్టాన్ని ఉల్లంఘిస్తున్నట్లే. ఒక నిబంధనను ఖాతరు చేయనివారు మందు నాణ్యతను పట్టించుకుంటారని ఆశించలేం.

ఆర్డరు చేసే ముందు

వెబ్‌సైటులో సంస్థ పూర్తి పేరు, చిరునామా, మందుల లైసెన్సు నంబరు, ఫిర్యాదుల అధికారి పేరు, ఫోను నంబరు కనిపించాలి. సంస్థ పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలను ప్రకటించాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలే నిర్దేశిస్తున్నాయి. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఈ వివరాలు లేకుండా వాట్సప్ నంబరు ఒక్కటే ఉంటే అక్కడితో ఆగిపోవడం మంచిది. ఫేస్‌బుక్ ప్రకటన నొక్కి మందులు కొనడం కంటే ప్రమాదకరమైన మార్గం మరొకటి లేదు. మధుమేహం, పక్షవాతం, క్యాన్సర్ వంటి వ్యాధులు తమ మందుతో సమూలంగా నయమవుతాయని ప్రకటించడమే 1954 నాటి మాయా చికిత్సల చట్టం కింద నేరం. ప్రకటనే నేరమైనప్పుడు సరకు సంగతి చెప్పనక్కర్లేదు. మూలికా మందు పేరుతో వచ్చే నొప్పుల పొడుల్లో స్టెరాయిడ్లు కలిసిన సందర్భాలున్నాయి. రెండు రోజుల్లో కీళ్ల నొప్పి మాయమైతే సంతోషించే ముందు ఇది కూడా ఆలోచించాలి.

ధర విషయంలో తొందరపాటు నిర్ణయం పనికిరాదు. ధరల నియంత్రణ జాబితాలోని మందులకు చిల్లర వర్తకుని లాభం 16 శాతంగా లెక్కగట్టి గరిష్ఠ ధర నిర్ణయిస్తారు. అలాంటి పేరున్న కంపెనీ మందును 60, 70 శాతం తగ్గింపుతో ఇస్తామంటే ఆ తగ్గింపు ఎక్కడి నుంచి వస్తోందని అడగాలి. జనరిక్ మందుల సంగతి వేరు. వాటిపై ముద్రించిన ధర ఎక్కువగా ఉండి, అందులో సగానికి అమ్మడం మామూలే. చవకైనదల్లా నకిలీ అనుకుంటే పేదవాడు జనౌషధి కేంద్రాన్ని కూడా వదులుకోవాల్సి వస్తుంది.

చీటీ లేదంటే తామే వైద్యుడితో మాట్లాడిస్తామని కొన్ని వెబ్‌సైట్లు చెబుతాయి. టెలిమెడిసిన్‌కు 2020 మార్చి 25న మార్గదర్శకాలు వెలువడినందున ఇది చట్టవిరుద్ధమేమీ కాదు. కానీ వైద్యుడు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు చెప్పాలి, రోగి వివరాలు అడగాలి. అర నిమిషం మాట్లాడి అడిగిన మందు రాసిచ్చే పద్ధతి వైద్యం కాదు, అమ్మకానికి అడ్డుగోడ దాటించే ఏర్పాటు. అదే అవసరమైతే గ్రామ ఆరోగ్య కేంద్రంలో ఈ-సంజీవని ద్వారా ప్రభుత్వ వైద్యుడితో ఉచితంగా మాట్లాడవచ్చు.

మరో మోసం మందుతో సంబంధం లేనిది. పొట్లం రాలేదని సెర్చి యంత్రంలో వినియోగదారుల సేవా కేంద్రం నంబరు వెదికి ఫోను చేస్తే అవతల ఉన్నది మోసగాడు కావచ్చు. డబ్బు వెనక్కి పంపుతామంటూ ఓటీపీ అడిగితే చెప్పకూడదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోను చేయాలి.

పొట్లం చేతికందాక

కొండమీది పల్లెలకు కొరియర్ వాహనం ఎక్కడం అరుదు. మండల కేంద్రంలోనో, తెలిసినవారి దుకాణంలోనో పొట్లం ఉంచితే, సంత రోజున ఎవరో తెచ్చి ఇస్తారు. పొట్లం ముందే విప్పి ఉంటే, అతుకు మీద అతుకు కనిపిస్తే తీసుకోకపోవడమే ఉత్తమం. విప్పేటప్పుడు ఫోనులో వీడియో తీసుకుంటే తర్వాత వివాదానికి ఆధారంగా పనికొస్తుంది.

మొదట చూడాల్సింది బిల్లు. అందులో దుకాణం పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, మందు తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. బిల్లులోని బ్యాచ్ నంబరు, పెట్టె మీది నంబరు, స్ట్రిప్పు మీది నంబరు మూడూ ఒకటే కావాలి. తేడా ఉంటే మందు వాడకూడదు. ఈ ఒక్క పరీక్షకు చదువు కూడా పెద్దగా అక్కర్లేదు, అంకెలు పోల్చగలిగితే చాలు. ఇంట్లో బడికెళ్లే పిల్లలున్నా చూసి చెప్పగలరు.

అక్షర దోషాలు, వేలితో రుద్దితే చెరిగే ముద్రణ, పాత తేదీ చెరిపి కొత్తది వేసిన జాడ, వదులుగా ఉన్న రేకు, పొడి రాలే మాత్రలు, ఉబ్బిన గొట్టాలు, ఎప్పుడూ వాడే మందు రంగులోనో రుచిలోనో మార్పు.. ఇవన్నీ అనుమానించదగినవే. అయితే పైకి ఏ లోపం కనిపించనంత మాత్రాన మందు అసలుదని చెప్పలేం. చూడటానికి బాగున్నాయి కాబట్టే సుద్దపొడి మాత్రలు అమ్ముడయ్యాయి.

ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మందులపై క్యూఆర్ కోడ్ లేదా బార్ కోడ్ ఉండాలన్న నిబంధన 2023 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. డోలో, కాల్పాల్, అలెగ్రా, షెల్‌కాల్ వంటివి ఈ జాబితాలో ఉన్నాయి. ఫోనుతో కోడ్‌ను చదివిస్తే మందు పేరు, తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, తయారీ లైసెన్సు నంబరు కనిపించాలి. ఆ వివరాలు స్ట్రిప్పు మీద ముద్రించినవాటితో సరిపోవాలి. కోడ్‌ను సైతం నకలు తీయవచ్చు గనుక ఇది తిరుగులేని రుజువు కాదు. కానీ కోడ్ ఉండాల్సిన మందుపై లేకపోయినా, చదివిస్తే మరో మందు పేరు వచ్చినా నిర్ధారణకు రావచ్చు.

ఇక్కడ ఒక పాత అలవాటు గురించి చెప్పాలి. స్ట్రిప్పు మొత్తం కొనే స్థోమత లేనివారికి దుకాణదారు నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తారు. గడువు తేదీ, బ్యాచ్ నంబరు ఉన్న కొస చాలాసార్లు దుకాణంలోనే ఉండిపోతుంది. కాగితంలో చుట్టిన ఆ నాలుగు మాత్రల పుట్టుపూర్వోత్తరాలు ఎవరికీ తెలియవు. కనీసం ఆ కొసను ఫొటో తీసుకోవడం గానీ, బిల్లుపై బ్యాచ్ నంబరు రాయించుకోవడం గానీ చేయాలి. అంతర్జాలంలో కొన్నా, సంతలో కొన్నా ఇది వర్తిస్తుంది.

ఇన్సులిన్‌కు చలువ తప్పనిసరి

తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. గడ్డకట్టినా పనికిరాదు. వేసవిలో నాలుగు రోజులు కొరియర్ సంచిలో తిరిగిన ఇన్సులిన్ అసలు కంపెనీదే అయినా శక్తి కోల్పోయి ఉండవచ్చు. రోగికి మాత్రం ఫలితం నకిలీ మందుతో సమానమే. కాబట్టి ఇన్సులిన్‌ను, టీకాలను దూరం నుంచి తెప్పించుకోవడం కంటే ఫ్రిజ్ ఉన్న దగ్గరి దుకాణంలో కొనడం శ్రేయస్కరం. తెప్పించక తప్పదనుకుంటే ఐసు పొట్లాలతో పంపుతారో లేదో ముందే కనుక్కోవాలి.

ఉచితంగా అందే మందులు

మన్యంలో ఎక్కువగా అవసరమయ్యే మందుల్లో పలు రకాలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా అందుతాయన్నది చాలామంది మరచిపోతున్న విషయం. మలేరియా, క్షయ మందులు, పాముకాటు విరుగుడు ఇంజక్షన్ ఇందులోకి వస్తాయి. గిరిజన ప్రాంతాల్లో అధికంగా కనిపించే సికిల్‌సెల్ రక్తహీనతకు 2023 జులై 1న జాతీయ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. దీనికి వాడే హైడ్రాక్సీయూరియాను రక్తపరీక్షల పర్యవేక్షణలోనే వాడాలి, మోతాదు మారితే రక్తకణాలు ప్రమాదకరంగా తగ్గిపోతాయి. అంతర్జాలంలో కొని సొంతంగా వాడదగిన మందు కాదు. రక్తపోటు, మధుమేహం మాత్రలు కూడా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, 104 సంచార వైద్య వాహనంలో అడిగి తీసుకోవచ్చు. కేంద్రంలో మందు లేదంటే ఆశా కార్యకర్తకో, ఏఎన్‌ఎంకో చెప్పి, వైద్యాధికారి దృష్టికి తీసుకెళ్లాలి. నిల్వలు లేకపోవడం వల్లనే జనం బయట కొంటున్నారన్నది కూడా కాదనలేని నిజం.

అనుమానం వస్తే

వాడుతున్న మందుతో రక్తపోటు, చక్కెర స్థాయి తగ్గకపోతే మోతాదు సొంతంగా పెంచకూడదు, హఠాత్తుగా మానేయకూడదు. వైద్యుడికి చూపించి, మందు మార్చిన సంగతి, ఎక్కడ కొన్నదీ చెప్పాలి. ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరాడకపోవడం వంటి లక్షణాలు కనిపిస్తే వెంటనే 108కు ఫోను చేయాలి.

మిగిలిన మాత్రలను పారేయకుండా స్ట్రిప్పు, పెట్టె, బిల్లు, కొరియర్ కవరుతో సహా దాచాలి. డబ్బు వెనక్కి ఇస్తామని అమ్మకందారు చెప్పగానే మొత్తం సరకు తిప్పి పంపేస్తే ఆధారమే మిగలదు. ఔషధ తనిఖీ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. ఆయన నమూనా సేకరించి ప్రభుత్వ ప్రయోగశాలకు పంపుతారు. అధికారి కోసం ఎదురుచూడాల్సిన పని కూడా లేదు. చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం మందు కొన్న ఏ వ్యక్తి అయినా, గుర్తింపు పొందిన వినియోగదారుల సంఘమైనా ఫారం 14-ఎ నింపి, నిర్ణీత రుసుము చెల్లించి ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు. ఫలితాన్ని సంతకంతో కూడిన నివేదికగా ఇస్తారు. ఈ హక్కు ఉన్నట్లు తెలిసినవారు పట్టణాల్లోనే తక్కువ.

నకిలీ మందు వల్ల మరణమో, తీవ్ర హానో సంభవిస్తే 2008 సవరణ ప్రకారం దోషికి కనీసం పదేళ్ల నుంచి యావజ్జీవం దాకా జైలు, రూ.10 లక్షలకు తగ్గని జరిమానా పడతాయి. లైసెన్సు లేకుండా అమ్మితే మూడు నుంచి అయిదేళ్లు. నష్టపరిహారం కోరేవారు అమ్మకందారు ఢిల్లీలో ఉన్నా అక్కడికి పోనక్కర్లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తాము నివసించే ప్రాంతంపై అధికారం ఉన్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. మందు వికటించిన సందర్భాలను నమోదు చేసే జాతీయ ఔషధ నిఘా కార్యక్రమం ఉచిత ఫోను నంబరు 1800-180-3024. నాసిరకంగా తేలిన మందుల పేర్లు, బ్యాచ్ నంబర్లను కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ ప్రతి నెలా తన వెబ్‌సైటులో ప్రకటిస్తుంది. తమ ఇంట్లోని స్ట్రిప్పు ఆ జాబితాలో ఉందేమో మందు కోరిన ఫోనులోనే చూసుకోవచ్చు.